పికప్ ట్రక్కులో బీసీఎం పోతే: రిపేరు చేయించాలా, వాడినది వేయాలా, కొత్తది కొనాలా?

ఇండికేటర్ వేస్తే వైపర్ కదులుతుంది. తాళం తీసేసినా డాష్‌బోర్డు లైట్లు ఆరవు. డోర్ లాకులు వాటంతటవే టకటకమంటాయి. రాత్రి బాగానే ఉన్న బ్యాటరీ పొద్దుటికి సెల్ఫ్ కొట్టలేనంతగా దిగిపోతుంది. స్కానర్ పెడితే యూ0140 కోడ్ వస్తుంది, అంటే బండిలోని మిగతా కంప్యూటర్ పెట్టెలకు (మాడ్యూళ్లకు), లైట్లు, లాకులు, వైపర్లు చూసుకునే బాడీ కంట్రోల్ మాడ్యూల్ (బీసీఎం) జవాబివ్వడం లేదని. ఇక్కడిదాకా వచ్చినవాళ్లలో ఎక్కువమంది వెంటనే పార్ట్ నంబరు వెతకడం మొదలుపెడతారు. డబ్బు వృథా అయ్యేది సరిగ్గా అక్కడే.

బీసీఎంని బల్బు మార్చినట్టు మార్చలేం. పెట్టె ఒక్కటే అయినా లోపల మూడు విషయాలు కలిసి ఉంటాయి. ఒకటి, రిలేలు, లైట్లకు, మోటార్లకు కరెంటు ఇచ్చే డ్రైవర్ చిప్‌లు ఉన్న బోర్డు. రెండు, కంపెనీ రాసిన సాఫ్ట్‌వేర్. మూడు, ఆ ఒక్క బండికే చెందిన డేటా: వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు), తాళాల వివరాలు, ఏ రకం హెడ్‌లైట్లు, ట్రెయిలర్ సాకెట్ ఉందా లేదా, కొన్ని మోడళ్లలో టైరు సైజు, యాక్సిల్ రేషియో కూడా. బోర్డు మరో బండి నుంచి తెచ్చుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వర్‌లో దొరుకుతుంది. మీ బండికి నేర్పిన తాళాలు, తర్వాత మార్చుకున్న సెట్టింగులు మాత్రం ఆ పాత పెట్టెలోనే ఉంటాయి. అందుకని దేన్ని ఎంచుకోవాలన్నా ముందు తేలాల్సింది ఒకటే: పాత మాడ్యూల్ ఇంకా స్కానర్‌తో మాట్లాడుతోందా, పూర్తిగా మూగబోయిందా?

## ముందు, అది నిజంగా పోయిందా?

మార్చేసిన బీసీఎంలలో బాగున్నవి చాలా ఉంటాయి. కరెంటు సరిగా అందకపోయినా, ఎర్త్ వదులైనా, కనెక్టర్‌లో నీళ్లు చేరినా అది అచ్చం పాడైన మాడ్యూల్‌లాగే ప్రవర్తిస్తుంది. ఈ కింది పరీక్షలకు మల్టీమీటరు, ఒక 21 వాట్ల ఇండికేటర్ బల్బు, ఒక గంట సమయం చాలు.

బ్యాటరీతో మొదలుపెట్టండి. బండి కాసేపు ఆగి ఉన్నాక 12.4 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే ముందు ఛార్జ్ చేయండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీ సంగతి తేల్చాకే మిగతావి చూడాలి. వోల్టేజీ అంతగా పడిపోయినప్పుడు మాడ్యూళ్లు ఒక్కొక్కటిగా రీసెట్ అయి, ఒకదాని మీద ఒకటి కోడ్‌లు రాసేసుకుంటాయి.

తర్వాత ఫ్యూజులు. బీసీఎంకి కరెంటు ఒక్క తీగ మీద రాదు. లాకులకు ఒక ఫీడ్, లైట్లకు ఒకటి, లోపలి లాజిక్‌కి ఇంకొకటి, ఇలా నాలుగైదు పైనే ఉంటాయి. ఒక్క ఫ్యూజు పోయినా సగం పనులు ఆగిపోయి సగం నడుస్తాయి. ప్రతి ఫీడ్ దగ్గరా మల్టీమీటరు ఒక్కటే పెట్టి సరిపెట్టుకోవద్దు. ఒక్క పోగు మీద వేలాడుతున్న తీగ కూడా మీటరుకి 12 వోల్టులు చూపిస్తుంది. ఆ ఫీడ్‌కీ ఎర్త్‌కీ మధ్య 21 వాట్ల బల్బు పెట్టండి, అది దాదాపు ఒకటిముప్పావు ఆంపియర్లు లాగుతుంది. బల్బు నిండుగా వెలిగితే తీగ బాగున్నట్టు, మసకగా వెలిగితే దారిలో ఎక్కడో చిలుము ఉన్నట్టు. ఎర్త్‌కీ ఇదే పద్ధతి: లైట్లు వేసి ఉంచి, మాడ్యూల్ ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కొలవండి. 0.1 వోల్టు దాటితే ఎర్త్ బోల్టు విప్పి, రంగు గీకి, మళ్లీ బిగించాల్సిందే.

మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు తీగల క్యాన్ లైను చూడటం ఇంకా తేలిక. బ్యాటరీ నెగటివ్ విప్పేసి, స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి. రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి 60 దగ్గర రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది. సున్నాకి దగ్గరగా ఉంటే రెండు తీగలూ ఎక్కడో కలిసిపోయాయి. ఒక జాగ్రత్త: మధ్యలో గేట్‌వే మాడ్యూల్ ఉన్న కొత్త బండ్లలో ఈ కొలత గేట్‌వే దాకా ఉన్న లైను సంగతే చెబుతుంది, దాని వెనక బీసీఎం ఉన్న లైనుని విడిగా కొలవాలి. చాలా ఫోర్డ్ బండ్లలో బాడీ మాడ్యూళ్ల వేగం తక్కువ క్యాన్ లైను 3, 11 పిన్నుల మీద ఉంటుంది.

ఇక నీళ్లు. పికప్‌కి ప్రత్యేకంగా వచ్చే తంటా ఇది. క్యాబిన్ వెనక, అద్దం పైన ఉండే మూడో బ్రేక్ లైటు రబ్బరు ఎండి పగిలితే వాన నీళ్లు పైకప్పు లైనింగ్ వెంట దిగి పిల్లర్లలోంచి కార్పెట్ కిందికి చేరతాయి. ముందు అద్దం అంచు కారినా, వైపర్ల కింద ఉండే కౌల్ డ్రెయిన్ ఆకులతో మూసుకుపోయినా నీళ్లు నేరుగా డాష్‌బోర్డు కిందికే వస్తాయి. చాలా షెవర్లే సిల్వరాడోల్లో బీసీఎం స్టీరింగ్ కింద, డాష్‌బోర్డు లోపల ఉంటుంది. 2015 తర్వాతి ఫోర్డ్ ఎఫ్-150లో ప్యాసింజర్ కాళ్ల పక్కన, ఫ్యూజు బాక్సుతో కలిసి ఉంటుంది. ఆ పక్క కార్పెట్ ఎత్తి కింది స్పాంజిని చేత్తో నొక్కి చూడండి. పైన పొడిగా ఉన్నా స్పాంజిలో చెమ్మ నెలల తరబడి నిలిచి ఉంటుంది. కనెక్టర్ ఊడదీసినప్పుడు పిన్నుల మొదట్లో పచ్చగా చిలుము కనిపిస్తే కారణం దొరికినట్టే.

ట్రెయిలర్ సాకెట్‌ని మాత్రం చివరికి వదిలేయకండి. బండి వెనక బంపరు కింద ఉప్పు, బురద, నీళ్లు తినే సాకెట్ అది. అందులో లైట్ల పిన్ను ఎర్త్‌కి తగిలితే, ఆ దెబ్బ బీసీఎంలోని డ్రైవర్ చిప్ మీద పడుతుంది. ఈ చిప్‌లు ఫ్యూజులా కాలిపోవు. ఎక్కువ కరెంటు లాగగానే తమంతట తామే ఆపేసుకుంటాయి, మళ్లీ ప్రయత్నిస్తాయి, మళ్లీ ఆపుతాయి. ఫోర్డ్‌లాంటి కొన్ని కంపెనీల బీసీఎంలు ఈ షార్టులన్నీ లెక్కపెట్టుకుంటాయి. లెక్క జీవితకాల పరిమితి దాటితే ఆ ఔట్‌పుట్‌ని శాశ్వతంగా మూసేస్తాయి, ఇక మాడ్యూల్ మార్చడమే దారి. తీగలో షార్టు వెతక్కుండా కొత్త మాడ్యూల్ వేస్తే కొత్తదానిలోనూ అదే లెక్క మొదలవుతుంది. మార్చే ముందు చేయాల్సిన పనుల్లో ఒక్కదానికే ఓపిక ఉంటే, ఆ ఓపిక ట్రెయిలర్ వైరింగ్ మీద పెట్టండి.

## ఎంపికకు కొలమానాలు

పరీక్షలన్నీ అయ్యాక కూడా తప్పు మాడ్యూల్‌దే అని తేలితే, ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాసుకోండి.

- పాత మాడ్యూల్ స్కానర్‌కి జవాబిస్తోందా? ఇస్తుంటే అందులోని కాన్ఫిగరేషన్ ఇప్పుడే చదివి దాచుకోవచ్చు.
- మీ దగ్గర పనిచేసే తాళాలు ఎన్ని? ఇమ్మొబిలైజర్ (సరైన తాళం గుర్తించకపోతే బండిని స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) బీసీఎంలోనే ఉన్న బండ్లలో కొత్త మాడ్యూల్‌కి తాళాలు మళ్లీ నేర్పాలి. ఫోర్డ్ ఇమ్మొబిలైజర్ అయిన ప్యాట్స్ పద్ధతిలో తాళాల జాబితా చెరిపేశాక బండి స్టార్ట్ కావాలంటే కనీసం రెండు తాళాలు నేర్పాలి. కొత్త రామ్ మోడళ్లలో తాళాల వ్యవహారం ఆర్‌ఎఫ్ హబ్ అనే వేరే మాడ్యూల్ చూస్తుంది, అలాంటప్పుడు ఈ చిక్కు కొంత తగ్గుతుంది.
- ప్రోగ్రామింగ్ ఎవరు చేస్తారు? కంపెనీ సర్వర్‌కి చందా కట్టి ల్యాప్‌టాప్‌ని బండికి కలిపే జే2534 పరికరంతో మీరే చేస్తారా, బయటి ఆటో ఎలక్ట్రీషియన్ వస్తాడా, బండిని సర్వీస్ సెంటర్‌కి లాక్కెళ్లాలా?
- బండి ఎన్నాళ్లు ఆగినా ఫర్వాలేదు?
- పాడవడానికి కారణం దొరికిందా? దొరక్కపోతే ఖరీదైన మాడ్యూల్ మీద డబ్బు పెట్టకండి.

ధర ఈ జాబితాలో లేకపోవడానికి కారణం ఉంది. మాడ్యూల్ ధర ఒక్కటే చూస్తే వాడినదే ఎప్పుడూ చవక. దానికి ప్రోగ్రామింగ్, టోయింగ్, తాళాలు కలిపితే కొన్నిసార్లు కొత్తదాన్ని దాటిపోతుంది.

## ఐదు దారులు, ఒక్క చూపులో

| దారి | పాత డేటా ఉంటుందా | తాళాలు నేర్పాలా | పాత మాడ్యూల్ మూగబోతే | బండి ఆగే సమయం | పెద్ద ప్రమాదం |
|---|---|---|---|---|---|
| మీ బోర్డునే రిపేరు | ఉంటుంది | అక్కర్లేదు | ప్రాసెసర్ బాగుంటేనే | పంపి తెప్పించే రోజులు | తడి తగిలిన బోర్డు మళ్లీ పాడవడం |
| వాడిన మాడ్యూల్, క్లోనింగ్ | ఉంటుంది | సాధారణంగా అక్కర్లేదు | మెమరీ చిప్ చదవగలిగితేనే | ఒకటి రెండు రోజులు | హార్డ్‌వేర్ నంబరు తేడా, చదివిన డేటా ఫైలు (డంప్) పాడై ఉండటం |
| వాడిన మాడ్యూల్, ప్రోగ్రామింగ్ | ఉండదు | నేర్పాలి | చేయవచ్చు | పనివాణ్ని బట్టి | కంపెనీ టూల్ ఒప్పుకోకపోవడం |
| కంపెనీ కొత్తది | సర్వర్ నుంచి, లేదా పాతదాని నుంచి | నేర్పాలి | చేయవచ్చు | పార్ట్ దొరకడాన్ని బట్టి | మధ్యలో వోల్టేజీ పడి ఫ్లాషింగ్ (సాఫ్ట్‌వేర్ రాయడం) ఆగడం |
| వీఐఎన్ వేసి పంపే రీమ్యాన్యుఫాక్చర్డ్ | కొంతవరకు | చాలా బండ్లలో నేర్పాలి | చేయవచ్చు | కొరియర్ రోజులు | తప్పు ఆప్షన్లు రాసి రావడం |

## మీ బోర్డునే రిపేరు చేయించడం

డేటా ఉన్నది ఉన్నట్టు నిలిచే దారి ఇది. తప్పు ఒక్క పనికే పరిమితమై ఉన్నప్పుడు, అంటే ఎడమ హెడ్‌లైటు లో-బీమ్ మాత్రమే రాకపోవడం, లాక్ రిలే అంటుకుపోయి మోటారు ఆగకుండా తిరగడం, లోపలి లైటు ఆరకపోవడం లాంటివి అయితే ముందు ఆలోచించాల్సింది దీన్నే. తప్పు ఆ దారి మీద ఉన్న రిలేలోనో, డ్రైవర్ చిప్‌లోనో, సోల్డర్ పగులులోనో ఉండే అవకాశమే ఎక్కువ. ప్రాసెసర్ బాగానే ఉంటుంది.

మంచి రిపేరు ఎలా ఉంటుందో తెలిస్తే పనివాణ్ని ఎంచుకోవడం తేలిక. బోర్డు మీద పారదర్శకమైన పూత ఉంటుంది. సోల్డర్ చేసే చోట దాన్ని తీయాలి, అయ్యాక మళ్లీ వేయాలి. డ్రైవర్ చిప్ అడుగున పెద్ద రాగి పలక బోర్డుకి అతికి ఉంటుంది, మామూలు ఐరన్‌తో అది కరగదు. బోర్డుని కింద నుంచి వేడి చేసి, పైన వేడిగాలితో తీయాలి. "పైపైన సోల్డర్ మళ్లీ పోశాం, బాగైంది" అని చెప్పేవాడికంటే ఏ భాగం మార్చాడో పాతది చేతిలో పెట్టి చూపించేవాణ్ని నమ్మండి.

తడిసిన బోర్డు సంగతి వేరు. చిలుము పైకి కనిపించేంతవరకే అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ చేసి, ఆరబెట్టి, తిన్న ట్రాకులకు తీగ వేసి నిలబెట్టవచ్చు. ప్రాసెసర్ కాళ్ల కిందికి, బోర్డు పొరల మధ్యకి చిలుము వెళ్లిందంటే ఆ రిపేరు నిలవదు. ఈ రోజు బాగై మూడు నెలలకు వేరే తప్పు చూపిస్తుంది. అలాంటి బోర్డుని రిపేరు కోసం కాక, డేటా తీసుకోవడం కోసం మాత్రమే బతికించుకోవాలి. శుభ్రం చేసి ఒక్కసారి లేపి, చదివి, ఆ డేటాని వేరే బోర్డులో వేసుకోవడం మేలు.

## వాడిన మాడ్యూల్ తెచ్చి క్లోన్ చేయించడం

స్క్రాప్ యార్డు నుంచి అదే మోడల్ మాడ్యూల్ తెచ్చి, మీ పాతదాని మెమరీని అక్షరం పొల్లు పోకుండా అందులోకి ఎక్కించడమే క్లోనింగ్. బండికి తేడా తెలియదు. తాళాలు, వీఐఎన్, ఆప్షన్లు అన్నీ వస్తాయి, కంపెనీ సర్వర్ అక్కర్లేదు.

షరతులు మాత్రం కఠినం. స్టిక్కర్ మీద రెండు మూడు నంబర్లుంటాయి: పార్ట్ నంబరు, హార్డ్‌వేర్ నంబరు, కొన్నింటిపై సాఫ్ట్‌వేర్ నంబరు. పార్ట్ నంబరు చివరి అక్షరం మారినా హార్డ్‌వేర్ ఒకటే కావచ్చు, అలాగే పైకి ఒకేలా ఉన్న మాడ్యూళ్లలో హార్డ్‌వేర్ వేరు కావచ్చు. ట్రెయిలర్ బ్రేక్ ఉన్న ట్రిమ్‌కీ లేని ట్రిమ్‌కీ బోర్డు ఒకటే అయినా డ్రైవర్ చిప్‌లు కొన్ని అసలు బిగించి ఉండకపోవచ్చు. డేటా ఎక్కుతుంది, వెనక లైట్లు మాత్రం వెలగవు. అందుకని రెండు పెట్టెలూ తెరిచి, బోర్డులు పక్కపక్కన పెట్టి, ఖాళీ చోట్లు పోల్చి చూడమనండి.

డేటా ఉండేది ఒకే చోట కాదు. కొన్ని మాడ్యూళ్లలో ఎనిమిది కాళ్ల చిన్న ఈఈప్రామ్ చిప్‌లో ఉంటుంది, మరికొన్నింటిలో ప్రాసెసర్ లోపలి డేటా ఫ్లాష్‌లో, చాలావాటిలో రెండింటిలోనూ. ఒక్కటే కాపీ చేస్తే సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. లేదా అందుకుని రెండు సెకన్లలో ఆగిపోతుంది. పనివాడు రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ ఒకటేనని పోల్చుకున్నాకే రాయాలి. తెచ్చిన మాడ్యూల్ అసలు డంపు కూడా దాచాలి, ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి. ఆ ఫైళ్ల కాపీ మీరూ అడిగి తీసుకోండి, అది మీ బండి సొత్తు.

ప్రాసెసర్ చచ్చిపోయి, డేటా దాని లోపలే ఉంటే ఈ దారి మూసుకున్నట్టే.

## వాడిన మాడ్యూల్‌ని కొత్తదానిలా ప్రోగ్రాం చేయడం

క్లోన్ చేయకుండా వాడిన మాడ్యూల్ పెట్టి, స్కానర్‌తో వీఐఎన్, ఆప్షన్లు, తాళాలు రాయించడం ఇది. పాత తరం బండ్లలో నడుస్తుంది. కొత్త తరంలో చాలా కంపెనీల టూళ్లు ఒకసారి వీఐఎన్ రాసిన మాడ్యూల్‌ని రెండోసారి ఒప్పుకోవు. ఫోర్డ్ బండ్లలో ఫ్యాక్టరీ కాన్ఫిగరేషన్ వీఐఎన్‌ని బట్టి దొరుకుతుంది కాబట్టి ఆప్షన్లు రాయడం ఒకింత తేలిక. రామ్ బండ్లలో 2018 నుంచి సెక్యూరిటీ గేట్‌వే వచ్చింది, అనుమతి లేని స్కానర్ కోడ్‌లు చదువుతుంది గానీ రాయనివ్వదు. కొన్ని బండ్లలో కిలోమీటర్ల లెక్క కూడా బీసీఎంలో ఉంటుంది, అలాంటప్పుడు ఆ మాడ్యూల్ తీసిన దాత బండి లెక్క మీ మీటరు మీదికి రావచ్చు. మాడ్యూల్ కొనే ముందు "ఈ మోడల్, ఈ సంవత్సరం, వాడిన బీసీఎం, రాయగలరా?" అని ప్రోగ్రామింగ్ చేసేవాణ్నే అడగండి. అమ్మేవాడి మాట ఇక్కడ పనికిరాదు.

## కంపెనీ కొత్తది

బండి వారంటీలో ఉంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. వారంటీ లేకపోయినా పాత మాడ్యూల్ పూర్తిగా చచ్చిపోయి, బండి ఇంకా ఏళ్ల తరబడి నడవాల్సి ఉంటే ఇదే నిలకడైన దారి. కొత్తది ఖాళీగా వస్తుంది. పాతదాన్ని విప్పే ముందే టూల్ దానిలోని కాన్ఫిగరేషన్ చదివి దాచుకుని, కొత్తది పెట్టాక అందులో రాస్తుంది. ఈ వరుస తప్పి, ముందు మాడ్యూల్ మార్చేసి తర్వాత టూల్ పెట్టేవాళ్లు చాలామంది. అప్పుడు టూల్‌కి చదవడానికి ఏమీ ఉండదు, సర్వర్‌లోని ఫ్యాక్టరీ డేటాతో సరిపెడుతుంది. మీరు తర్వాత వేసుకున్న పెద్ద టైర్ల సెట్టింగు, ఆఫ్ చేయించుకున్న హారన్ చప్పుడు అన్నీ మళ్లీ చేయించుకోవాలి. టైరు సైజు బీసీఎంలో ఉండే బండిలో ఇది మర్చిపోతే స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది.

## వీఐఎన్ వేసి పంపేవి

మీ వీఐఎన్ చెబితే, రిపేరు చేసిన మాడ్యూల్‌లో సాఫ్ట్‌వేర్ రాసి పంపుతారు. "బిగించండి, నడపండి" అనే ప్రకటన ఉంటుంది. లైట్లు, లాకులు, వైపర్ల వరకు ఆ మాట చాలాసార్లు నిజమే. ఇమ్మొబిలైజర్ బీసీఎంలో ఉన్న బండికి మాత్రం సగం నిజం: మీ తాళంలోని చిప్‌ని వాళ్లెప్పుడూ చూడలేదు కదా, దాన్ని మాడ్యూల్‌కి నేర్పే పని మీదే. కొన్ని పాత జీఎం పికప్‌లలో టూల్ లేకుండానే 30 నిమిషాల రీలెర్న్ (తాళం మళ్లీ నేర్పడం) చేయవచ్చు: తాళం ఆన్‌లో పెట్టి సెక్యూరిటీ లైటు ఆరేదాకా సుమారు 10 నిమిషాలు ఆగడం, ఆఫ్ చేసి కొన్ని సెకన్లు ఆగడం, ఇలా మొత్తం మూడుసార్లు. మీ మోడల్‌కి ఈ పద్ధతి ఉందో లేదో సర్వీస్ మాన్యువల్లో చూసుకున్నాకే ఈ దారి పట్టండి.

పాతదాన్ని తిరిగి పంపాలనే షరతు చాలావాటికి ఉంటుంది. కొత్తది బిగించి, వారం నడిపి, అన్నీ పనిచేస్తున్నాయని తేలేదాకా పాతదాన్ని చేయి దాటనివ్వకండి. గడువు ఎంతో ముందే కనుక్కోండి.

## ఎవరికి ఏది

రోజూ పనికి వెళ్లే బండి, ఆగితే కూలి ఆగుతుంది అన్నవాళ్లకు రిపేరు కోసం బోర్డు పంపడం కుదరదు. పాత మాడ్యూల్ మాట్లాడుతూ ఉంటే బండిని అలాగే నడుపుతూ, దాత మాడ్యూల్ ముందే తెప్పించుకుని, ఒక్క రోజు ఆపి క్లోన్ చేయించుకోవడం వీళ్లకు సరైనది. మూగబోయిందంటే కంపెనీ కొత్తదే.

రెండో బండి ఉండి, ఈ పికప్ వారం ఆగినా ఇబ్బంది లేనివాళ్లు ముందు రిపేరు చేయించి చూడాలి. విఫలమైనా డేటా మిగిలితే క్లోనింగ్ దారి తెరిచే ఉంటుంది. ముందు కొత్తది ప్రోగ్రాం చేయించి తాళాలు దానికి నేర్పేశాక, మళ్లీ పాతదానికి రావడం అంత తేలిక కాదు.

ఒక్క తాళమే ఉన్నవాళ్లు ఏ దారి పట్టినా ముందు రెండో తాళం చేయించుకోండి, పాత మాడ్యూల్ ఇంకా పనిచేస్తుండగానే. ఉన్న తాళాలన్నీ పోయి, మాడ్యూల్ కూడా పోతే కంపెనీ సర్వీస్ సెంటర్ గానీ, ఇమ్మొబిలైజర్ పనిలో చేయి తిరిగినవాళ్లు గానీ తప్ప వేరే దారి లేదు.

బయటి అలారం, రిమోట్ స్టార్టర్, అదనపు ఎల్‌ఈడీ లైట్లు వేసుకున్న బండి అయితే మాడ్యూల్ ఎంచుకునే ముందే వాటన్నిటినీ విప్పేసి ఒకసారి నడిపి చూడండి. తీగ మీద తొక్క ఒలిచి చుట్టిన అతుకులు ఈ బండ్లలో మాడ్యూల్ కంటే ముందు అనుమానించాల్సినవి. క్యాబిన్‌లోకి నీళ్లు రావడం ఇంకా ఆగని బండికి ఏ మాడ్యూలూ కొనకండి. ముందు కారే చోటు మూసి, కార్పెట్, స్పాంజి తీసి పూర్తిగా ఆరనివ్వండి.

## విప్పేటప్పుడు, బిగించేటప్పుడు

1. పాతది మాట్లాడుతుంటే కాన్ఫిగరేషన్ మొత్తం చదివి ఫైలుగా దాచండి. కోడ్‌లు, కిలోమీటర్లు ఫొటో తీసుకోండి.
2. డోరు అద్దం దించి ఉంచండి. బ్యాటరీ నెగటివ్ విప్పి, ఎయిర్‌బ్యాగు తీగల దగ్గర చేయి పెట్టే ముందు మీ మాన్యువల్ చెప్పినంతసేపు, కనీసం మూడు నిమిషాలైనా ఆగండి.
3. కనెక్టర్లు ఊడదీసే ముందు ఫొటో తీయండి, ఒక్కోదానికి మాస్కింగ్ టేపు మీద నంబరు రాయండి. లీవరు ఉన్నవాటిని లీవరు పూర్తిగా తిప్పాకే లాగాలి. తీగలు పట్టుకుని లాగితే పిన్ను లోపలికి జారిపోతుంది, ఆ తప్పు మళ్లీ మాడ్యూల్‌దిలాగే కనిపిస్తుంది.
4. ఆడ పిన్నులు సాగాయేమో చూడండి. అదే సైజు మగ పిన్ను దూర్చి లాగితే కాస్త పట్టు తెలియాలి. వదులుగా జారితే ఆ టెర్మినల్ మార్చాలి.
5. ముందు మాడ్యూల్, కనెక్టర్లు అన్నీ బిగించి, బ్యాటరీ ఆఖరున కలపండి. కరెంటు ఉండగా కనెక్టర్ గుచ్చితే కొత్త బోర్డు ఆ క్షణంలోనే పోవచ్చు.
6. ప్రోగ్రామింగ్ అంతసేపూ బ్యాటరీకి 13 నుంచి 14 వోల్టుల మధ్య నిలకడగా ఇచ్చే ప్రోగ్రామింగ్ పవర్ సప్లై కలిపి ఉంచండి. మామూలు ఛార్జరు పనికిరాదు, దాని కరెంటు సాఫీగా ఉండదు. ఏసీ, లైట్లు, బ్లోయరు ఆఫ్. ల్యాప్‌టాప్ నిద్రపోయే సెట్టింగు తీసేయండి, వైఫై బదులు తీగ వాడండి. ఫ్లాషింగ్ మధ్యలో ఆగిపోతే మాడ్యూల్ కోలుకోకపోవచ్చు.
7. తాళాలు నేర్పండి, తర్వాత టైరు ప్రెషర్ సెన్సర్లు, ఒక్క నొక్కుతో దిగే అద్దాలు. కోడ్‌లన్నీ చెరిపి, బండి నడిపి, మళ్లీ చదవండి.

ఫోర్డ్ బండ్లలో ఆఖర్న యూ2100 మిగిలితే మొదటి కాన్ఫిగరేషన్ పూర్తికాలేదని, యూ2101 మిగిలితే రాసిన ఆప్షన్లు బండికి సరిపడలేదని. రెండింటికీ మందు ఆప్షన్లు సరిచూసి తిరగ రాయడమే, మాడ్యూల్ మళ్లీ మార్చడం కాదు. పీ0513 వస్తే తాళం గుర్తింపు దగ్గర ఆగిందని అర్థం.

ట్రెయిలర్ లాగే బండి అయితే ట్రెయిలర్ తగిలించకుండా ఒకసారి, తగిలించి ఒకసారి ప్రతి లైటూ వేసి చూడండి. బ్రేకు, ఎడమ, కుడి, రివర్స్, అన్నీ.

ఆ రాత్రి ఇంకొక్క కొలత మిగిలి ఉంటుంది. బానెట్ తెరిచి, తాళం బండికి దూరంగా పెట్టి, డోరు లాచ్‌ని స్క్రూడ్రైవరుతో మూసినట్టు నొక్కండి. బ్యాటరీ నెగటివ్ దారిలో ఆంపియర్ మీటరు కలిపి ముప్పావుగంట ఆగండి. మాడ్యూళ్లన్నీ నిద్రలోకి జారాక 50 మిల్లీఆంపియర్ల లోపు చూపించాలి. ముప్పావుగంట దాటినా అర ఆంపియరు దగ్గరే ఆగి ఉంటే ఒక్కో ఫ్యూజు మీదా వోల్టేజీ డ్రాప్ కొలిచి, ఎవరు మేలుకుని ఉన్నారో వెతకండి. ఫ్యూజు పీకితే మాడ్యూళ్లు మళ్లీ లేచి లెక్క మొదటికొస్తుంది కాబట్టి పీకకుండానే కొలవాలి.